సుధామయి పేరు మీద జింక

ఆ ఏడాది జింకల డ్రాలో మహీధర్ పేరు రాలేదు. అతని ప్రాణమిత్రుడు చక్రధర్ పేరూ రాలేదు. చక్రధర్ భార్య బేబీ, తుపాకీ మాటెత్తితేనే చెవులు మూసుకునే మనిషి, ఆమెకీ రాలేదు. వచ్చిందల్లా మహీధర్ భార్య సుధామయికి.

డ్రా అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. కెనడాలోని సస్కాచువాన్‌లో మ్యూల్ డీర్ అని ఒక రకం జింక ఉంటుంది, గాడిద చెవులంతేసి చెవులు దానికి. కొమ్ములున్న మగజింకని కొట్టాలంటే ప్రభుత్వం వేసే డ్రాలో పేరు తగలాలి. కొందరికి ఏళ్ళ తరబడి తగలదు. తగిలినవాళ్ళకి ఒక్క ట్యాగ్ ఇస్తారు. ఎవరి పేరు మీద ట్యాగ్ వస్తే వాళ్ళే కొట్టాలి, కొట్టిన చోటే దాన్ని జింకకి కట్టాలి. అంత స్పష్టంగా రాసిపెట్టి ఉంటే మాత్రం మనవాళ్ళు ఊరుకుంటారా? ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు కూడా పడేస్తే ఛాన్సు రెట్టింపవుతుందని చక్రధర్ కనిపెట్టాడు. పెళ్ళాం పేరు మీద ప్లాటు కొనడం, పెళ్ళాం పేరు మీద సర్పంచిగా నిలబడడం తెలిసిన జాతికి ఇదో లెక్కా! సుధామయినీ బేబీనీ వేట కోర్సులో కూర్చోబెట్టారు, తుపాకీ లైసెన్సు పరీక్ష రాయించారు. బేబీ ఆ పరీక్ష రాసి ఇంటికొచ్చి తలంటుకుంది. సుధామయికి మాత్రం మొగుడికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ సంగతి మహీధర్ ఎవరికీ చెప్పలేదు.

రెజైనాలో చక్రధర్ ఇంటి బేస్‌మెంట్‌లో శనివారం భోజనాలప్పుడు మహీధర్ కబురు బయటపెట్టాడు. పెట్టిన తీరు చూడాలి! బిర్యానీ ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాల్లోకి లేపి, "ఈసారి ట్యాగ్ మనదే బాస్!" అన్నాడు. అక్కడున్న మగవాళ్ళంతా లేచి అతని భుజం తట్టారు. సుధామయి పెరుగుపచ్చడి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆమె భుజం ఒక్కరూ తట్టలేదు.

"నవంబర్ ఫస్ట్ వీక్ లీవ్ పెట్టెయ్ మహీ," అన్నాడు చక్రధర్. "నీ కొత్త స్కోపుకి ఇన్నాళ్ళకి పని దొరికింది." స్కోపంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి.

"నేనెప్పుడు లీవ్ పెట్టాలో నన్నడగరేం?" అంది సుధామయి.

"నువ్వా? నువ్వెందుకు పెట్టాలె?" మహీధర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వస్తానంటే రా, ట్రక్కుల కూర్చో. థర్మాస్‌లో టీ పట్టుకుందాం. ట్యాగ్ నీది, తుపాకీ నాది. అంతే కదా!"

సుధామయికి ఒళ్ళు మండింది. చేతిలో గిన్నె టేబుల్ మీద ఠపీమని పెట్టింది.

"పేరు నాదైతే జింకా నాదే. నేనే కొడతాను."

అందరూ పగలబడి నవ్వారు. బేబీ ఒక్కతే నవ్వలేదు, నోట్లో ముద్ద పెట్టుకోవడం మరిచి చూస్తూ ఉండిపోయింది.

"వదినా, మీరు కొడతారా? దేంతో?" అన్నాడు చక్రధర్, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ.

"మా ఇంట్లో పాత రైఫిల్ ఉందిగా. షూటింగ్ రేంజికి వెళ్ళినప్పుడల్లా దాంతోనే కాల్చాను."

"ఉంది. దాని మీద స్కోపేది?" మహీధర్ అందుకున్నాడు. "లోపల ఆవిరి పట్టిందని పోయినేడే పీకి పారేసినం. స్కోపు లేని ఆ రైఫిలూ కళ్ళజోడు లేని నువ్వూ ఒకటే సుధా. నాది తీసి ఇద్దామంటే అది నా కొత్త రైఫిల్‌కి బిగించి సెట్ చేసి పెట్టుకున్న. కదిలించేది లేదు."

"మిమ్మల్ని అడగలేదు. నేనొకటి కొనుక్కుంటాను."

"కొనండి వదినా, కొనండి. మహీకి నేను కొనిపించినలాంటిది కొనండి," అన్నాడు చక్రధర్. "చవక స్కోపు కొంటే గుండు జింకకి తగలదు, మన పరువుకి తగులుతుంది. ఆ ధర విన్నాక మీరే వద్దంటారు."

"నాకెంతలో కావాలో అంతలోనే కొంటాను," అంది సుధామయి. ఆ రాత్రి మరి ఎవరికీ పెరుగుపచ్చడి వడ్డించలేదు. కావలసినవాళ్ళు వాళ్ళే వేసుకున్నారు.

నిజానికి ఆమె కోపం ఒక్క జింక గురించి కాదు. వీళ్ళ కెనడా ఫైలు కదిలిందే సుధామయి పేరు మీద. ఇంగ్లీషు పరీక్షలో ఆమెకి పాయింట్లు ఎక్కువ, చదువులో ఎక్కువ, అందుకని కన్సల్టెంటే చెప్పాడు, అప్లికేషన్‌లో మేడమ్‌ని ముందు పెట్టండి, సార్‌ని వెనకాల చేర్చండి అని. అలాగే వచ్చారు. ఇవాళ్టికీ మహీధర్ ఏ ఫంక్షన్‌లోనైనా కొత్తవాళ్ళు కనబడితే, "నేను ఫ్యామిలీని తీసుకుని ఇటొచ్చేసిన," అని మొదలుపెడతాడు. ఇంటి లోను ఆమె ప్రభుత్వోద్యోగం చూసి ఇచ్చారు. ఇల్లు ఏదో అతను ఎంచాడు, గోడల రంగు అతను ఎంచాడు. కారు ఇన్సూరెన్సు ఆమె పేరు మీద, ఎందుకంటే ఆమెకి ఒక్క స్పీడింగ్ టికెట్టూ లేదు. తాళాలు అతని జేబులో ఉంటాయి. పేరు ఆమెది ఊరంతా తిరుగుతుంది, మనిషి మాత్రం సంతకం దగ్గరే ఆగిపోతుంది. మహీధర్ చెడ్డవాడని కాదు. కొట్టడు, తిట్టడు, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటాడు. కానీ భార్య పేరు మీద వచ్చింది భార్యదనే ఊహ ఆ బుర్రలోకి ఏనాడూ దూరలేదు.

కూతురు అమృత ఎడ్మంటన్‌లో చదువుకుంటోంది. ఆదివారం ఫోన్‌లో సుధామయి సంగతంతా చెప్పింది. ఆ పిల్ల రెండు ముక్కల్లో తేల్చేసింది.

"అమ్మా, ఇట్స్ యువర్ ట్యాగ్. వాట్స్ ద కన్‌ఫ్యూజన్?"

అదీ నిజమే. ఏముంది ఇందులో అయోమయం? ఫోన్ పెట్టేశాక సుధామయి చాలాసేపు వంటింట్లో నిలబడి ఆలోచించింది. ఈ ఒక్కటి. తన పేరు మీద వచ్చిన ఈ ఒక్కటి తన చేతులతో తను చెయ్యాలి. ఇది కూడా ట్రక్కులో టీ పోస్తూ వదిలేస్తే, ఇక జన్మలో ఏదీ తనది కాదు. అలా అనుకోగానే ఆమెకి భయం వేసింది, వెంటనే ఆ భయం మీద కోపం వచ్చింది.

ఈలోగా వాట్సాప్‌లో 'వేటగాళ్ళు' అనే గ్రూపు హోరెత్తిపోయింది. వేటగాళ్ళని పేరేగానీ ఆ గ్రూపులో ఎవరూ ఇంతవరకూ ఒక్క జింకని కొట్టిన పాపాన పోలేదు. డ్రా అక్కర్లేని వేరే రకం జింకల కోసం ప్రతి ఏడూ వెళ్తారు, ప్రతి ఏడూ గాలి ఎదురు తిరిగిందని వస్తారు. స్కోపు విషయంలో మాత్రం ప్రతివాడూ పండితుడే. చక్రధర్ సాఫ్ట్‌వేర్ మనిషి, ఫోన్ కొన్నా ఫ్రిజ్ కొన్నా నెంబర్లు చూసి కొంటాడు, ఏ నెంబరు పెద్దదైతే ఆ వస్తువు గొప్పది. మహీధర్ చేత కొనిపించిన స్కోపు ఇరవై అయిదు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దాంతో చంద్రుడి మీద గుంటలు చూశారు, అవతలి వీధిలో వాళ్ళ టీవీలో హాకీ స్కోరు చూశారు. జింకని మాత్రం చూడలేదు. ఆ మాట సుధామయి గ్రూపులో పెడదామనుకుంది గానీ, ఆమెని ఆ గ్రూపులో ఎవరూ చేర్చలేదు. ఇదంతా బేబీ మొగుడి ఫోన్లోంచి స్క్రీన్‌షాట్లు తీసి పంపిస్తే తెలిసింది.

అక్టోబరులో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఊరికి తూర్పున ఉన్న వేట సామాన్ల షాపుకి వెళ్ళింది. కౌంటర్ వెనక ఎర్రగడ్డం మనిషి ఒకడు ఉన్నాడు. తన బడ్జెట్ ఇంత, సెంటు కూడా పెరగదని ముందే చెప్పేసింది. అతను ఏమీ అనుకోలేదు, ఆ ధరలో వచ్చేవి మూడు తీసి గాజుబల్ల మీద పరిచాడు. మొదటిది బారుగా, బరువుగా ఉంది. ఇరవై నాలుగు రెట్లట. రెండోది పదహారు. మూడోది మూడు నుంచి తొమ్మిది రెట్లు, పొట్టిగా, నల్లగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది. మూడింటి ధరా ఇంచుమించు ఒకటే.

"ఎక్కువమంది పెద్దదే తీసుకుంటారు," అన్నాడు ఎర్రగడ్డం. "అదే డబ్బుకి ఎక్కువ పవర్ వస్తుంది కదా."

సుధామయి ఒక్కొక్కటీ ఎత్తి, ఎదుటి గోడ మీద ఉన్న దుప్పి తలకేసి చూసింది. మూడింట్లోనూ దుప్పి దివ్యంగా ఉంది. వెంట్రుక వెంట్రుకా మెరుస్తోంది. పైన చూస్తే ట్యూబులైట్లు పెళ్ళిపందిరికి కట్టినట్టు వరసగా ఉన్నాయి. ఇన్ని లైట్ల కింద ఏది బాగుండదు గనక!

ఆవిడ పుట్టింది చీరాలలో. షాపు లైట్ల కింద చూసి చీర కొనే ఆడది ఆ ఊళ్ళో లేదు. ఎంత మర్యాదస్తుడి కొట్టయినా సరే, చీర మడత విప్పి గుమ్మం దాకా పట్టుకెళ్ళి, పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తేగానీ డబ్బు తియ్యరు. లోపల నెమలికంఠం రంగులా ఉన్నది బయట బూడిదరంగు కావచ్చు. కొట్టువాళ్ళు కూడా దీనికి అలవాటు పడిపోయి, ఏమీ అనకుండా గుమాస్తాని వెంట పంపిస్తారు.

"వీటిని బయటికి తీసుకెళ్ళి చూడాలి," అంది సుధామయి.

"బయటికా?"

"గుమ్మం దాకా. మీరూ రండి. పట్టుకుని పారిపోయే వయసా నాది?"

అతను నవ్వి, స్కోపులు అందుకున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళాక సుధామయి ఆగింది. ఇంకా ఎండ ఉంది. చీరకైతే ఈ వెలుతురు సరిపోతుంది. జింక ఎప్పుడొస్తుంది? పొద్దు గూకి, మసక కమ్మే వేళకి వస్తుంది. మరి చూడవలసింది ఆ వెలుతురులో కదా!

"ఇప్పుడు కాదు. పొద్దు గూకాక చూస్తాను. అందాకా ఇక్కడే ఉంటాను," అంది.

"మేడమ్, ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు."

"నేనడుగుతున్నాను."

అతను భుజాలెగరేసి లోపలికి పోయాడు. సుధామయి షాపంతా తిరిగింది. గొడుగు టెంట్లు చూసింది, పడుకునే సంచులు చూసింది, ఎవరో ముసలాయనకి మేజోళ్ళు ఎంచిపెట్టింది. మహీధర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. పార్కింగ్ లాట్‌లో లైట్లు వెలగబోయే ముందు, ఆకాశం ఒక పక్క ఇంకా ఎర్రగా ఉండగా, ఎర్రగడ్డాన్ని కేకేసి పిలిచింది.

పార్కింగ్‌కి అవతల దేవదారు జాతి స్ప్రూస్ చెట్ల వరస ఉంది. వాటి మొదళ్ళలో అప్పటికే చీకటి. పెద్ద స్కోపు పెట్టి చూసింది. మొదట ఏమీ కనపడలేదు, తర్వాత ఓ కొమ్మ కనపడింది, ఏ చెట్టు కొమ్మో తెలియలేదు. చెయ్యి రవ్వంత కదిలితే కొమ్మ కూడా మాయమైంది. రింగు తిప్పి రెట్లు తగ్గించింది. మసక మసకే. రెండోది కాస్త నయం, అంచులు మాత్రం పాలు విరిగినట్టున్నాయి. మూడోది పెట్టింది. పొట్టిదాంట్లో చెట్లన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. మొదళ్ళు, రాలిన ఆకులు, కొమ్మకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి. ఆ సంచి కింద ఏదో కదిలింది. కుందేలు! ఈ ఊళ్ళో సందుసందునా తిరిగే పెద్ద అడవికుందేలు, చలికాలానికని సగం తెల్లబడి ఉంది. చెవుల కొసల్లో నలుపు కూడా తెలుస్తోంది. గబగబా మళ్ళీ పెద్దది అందుకుని అదే చోట వెతికింది. చెట్లున్నాయి, చీకటుంది, కుందేలు లేదు. కళ్ళజోడు తీసి పైటచెంగు లేదు గనక స్కార్ఫుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. లేదంటే లేదు. పొట్టిదాంట్లో చూస్తే కుందేలు అక్కడే కూర్చుని గడ్డి నములుతోంది.

"మీరు చూడండి," అని ఎర్రగడ్డానికిచ్చింది. అతను రెండూ మార్చి మార్చి చూసి, "హూ," అని ఊరుకున్నాడు.

సుధామయికి లెక్క తేలిపోయింది. ఒకే ధరలో జరీ అంచు జానెడు పెట్టి అమ్ముతున్నాడంటే, పోగు పల్చన చేశాడన్నమాట. ఇక్కడా అంతే. పెద్ద నెంబరు ఇచ్చినవాడు గాజులో కక్కుర్తి పడ్డాడు. "ఇది కట్టండి," అంది పొట్టిదాన్ని చూపించి.

ఇంటికొచ్చి డబ్బా విప్పేసరికి మహీధర్ సోఫాలోంచి లేచి వచ్చాడు. చేతిలోకి తీసుకుని తూచినట్టు ఊపాడు.

"తొమ్మిదేనా? సుధా, ఇది జాతరలో బుడగలు కొట్టే తుపాకీకి పెట్టుకునేది. నా మాటిను. వాపస్ ఇచ్చేసిరా. వాళ్ళందరికీ నేనే కొడతానని చెప్పేసిన."

"చెప్పిన నోటితోనే మళ్ళీ చెప్పండి."

"నా ఇజ్జత్ ఏం కావాలె?"

"మీ ఇజ్జత్ కోసం దొంగ ట్యాగ్ కట్టి పట్టుబడితే, తుపాకీ లాక్కుంటారు, లైసెన్సు పోతుంది. అప్పుడు ఇజ్జత్ ఎక్కడ పెట్టుకుంటారు? నా పేరుకి ఇజ్జత్ లేదా?"

మహీధర్ స్కోపు బల్ల మీద పెట్టేశాడు. టీవీ సౌండు పెంచాడు.

పాత రైఫిల్ మీద ఆ స్కోపు సుధామయి తనే బిగించింది. కళ్ళజోడుతోనే కన్ను పెట్టి చూసి, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమకి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచి, మరలు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా తిప్పింది. రెండు ఆదివారాలు రేంజికి ఒక్కతే వెళ్ళింది. మొదటి వారం గుళ్ళు ఎడమకి పోయాయి, కింద పడ్డాయి, ఒకటైతే అట్టకే తగల్లేదు. ఏడుపొచ్చినంత పనైంది. స్కోపు మీద గురి సరిచేసే బిళ్ళలు తిప్పుకుంటూ, కాల్చుకుంటూ, మళ్ళీ తిప్పుకుంటూ, భుజం కమిలిపోయినా కూర్చుంది. రెండో వారం మహీధర్ ఉండబట్టలేక వెనకాలే వచ్చాడు. వంద మీటర్ల దూరంలో అట్ట మీద మూడు గుళ్ళు అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. అతను బైనాక్యులర్స్‌లో చాలాసేపు చూశాడు.

"ఇయ్యాల గాలి లేదు కదా," అన్నాడు చివరికి.

నవంబరు మొదటి శనివారం ఇద్దరూ కపెల్ లోయకి బయల్దేరారు. అక్కడో రైతుకి ఫోన్ చేసి, వాళ్ళ పొలంలోకి వెళ్ళడానికి సుధామయే అనుమతి అడిగి తెచ్చుకుంది. మహీధర్ తోడు వస్తానన్నాడు, వద్దనలేదు. తోడేలు జాతి కయోటీల పేరు చెప్పి తన కొత్త రైఫిల్ కూడా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు. 

మధ్యాహ్నం నుంచీ లోయ వాలులో, పొదల పక్కన గడ్డి మీద బోర్లా పడుకున్నారు. ఇంకో వేటగాడి గుండు తగలకుండా ఆరెంజ్ జాకెట్లు, ఆరెంజ్ టోపీలు. చలి ముక్కుపుటాల్ని కోసేస్తోంది. మంచు పల్చగా పడి గట్టిపడింది. సుధామయి తుపాకీని చిన్న బ్యాగు మీద ఆనించి కదలకుండా ఉంది. మహీధర్‌కి నిలకడ ఎక్కడిది? కాలు మార్చాడు, ముక్కు ఎగబీల్చాడు, చక్రధర్‌కి మెసేజ్ పెట్టాడు, సిగ్నల్ లేదని విసుక్కున్నాడు.

సూర్యుడు అవతలి గట్టు వెనక్కి దిగాడు. చట్టప్రకారం ఇంకో అరగంట మాత్రమే కాల్చొచ్చు. లోయ అడుగున పొదలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం మొదలైంది. ఇక ఇవాళ్టికి లేదనుకుంటూండగా, పొదల్లోంచి ఒక ఆడజింక బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. వాటి వెనకాల, ఏ తొందరా లేకుండా, కొమ్ములెత్తుకుని వచ్చింది మగది.

సుధామయి కన్ను స్కోపు వెనక పెట్టింది. 

"ఎక్కడ? ఎక్కడ?" మహీధర్ తన రైఫిల్ భుజానికెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఏం కనబడట్లే. అంతా నల్లగుంది. ఆగు, ఆగు... ఏందిది, తోలు కనబడుతోంది. ఇది ఏది? ఆడదా, మగదా?"

సుధామయి పొట్టి స్కోపులో మూడు జింకలూ ఉన్నాయి. వాటి మధ్య గడ్డి ఉంది, మగదాని నోట్లోంచి వచ్చే ఆవిరి ఉంది. కొమ్ముల చీలికలు తెలుస్తున్నాయి. ముందుకాలి వెనక, గుండె ఉండే చోటు తెలుస్తోంది. కానీ ఆడజింక ఒకటి అడ్డంగా నిలబడింది. ఆగాలి.

"సుధా, వదిలెయ్. మసకైంది. గాయపడి పారిపోతే పాపం. రేపు పొద్దున్నే వద్దాం, నేను కొడతా."  ఆమె కదలలేదు. అప్పుడు అతని చెయ్యి వచ్చి ఆమె రైఫిల్ మడమ మీద పడింది. "ఇటియ్యి. నీ దాంట్లో కనబడుతోంది కదా, నేను చూస్తా. ఇటియ్యి చెప్తున్న."

సుధామయి కన్ను స్కోపులోంచి తియ్యలేదు. గొంతు పెంచలేదు.

"చెయ్యి తియ్యండి."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ గొంతు అతను వినలేదు. చెయ్యి దానంతటదే లేచిపోయింది.

ఆడజింక రెండడుగులు ముందుకి నడిచింది. మగది పక్కకి తిరిగి నిలబడింది, తల ఎత్తి గాలి వాసన చూసింది. సుధామయి సేఫ్టీ మీట తోసింది. సగం ఊపిరి వదిలింది. ట్రిగ్గర్ నొక్కింది.

లోయంతా మారుమోగింది. జింక ఎగిరిపడి, వాలు వెంబడి పరుగెత్తి, పొదల్లో పడి కనపడకుండా పోయింది. ఆడజింకలు గట్టెక్కి మాయమయ్యాయి.

"తగల్లే," అన్నాడు మహీధర్. "చెప్పిన కదా, తగల్లే."

సుధామయి బోల్టు లాగి ఇంకో గుండు ఎక్కించి, కాసేపు అలాగే చూసి, లేచి నడిచింది.  అతను టార్చి వేసుకుని వెనకాల వచ్చాడు. మంచు మీద ముందు ఒక చుక్క, తర్వాత చేరెడు నెత్తురు. పొద దాటగానే జింక పక్కకి ఒరిగి పడి ఉంది. ఊపిరి లేదు. గుండు సరిగ్గా ఆమె గురి పెట్టిన చోటే దిగింది. కన్ను తెరుచుకుని ఉంది, అందులో టార్చి వెలుగు పడుతోంది.

సుధామయి తుపాకీలో గుళ్ళు తీసి, పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూలబడింది. జింక మెడ మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది. ఎంత పెద్ద ప్రాణం! ఇందాకటిదాకా గాలి వాసన చూస్తూ నిలబడ్డ ప్రాణం. ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. ఆపుకుందామని కూడా అనుకోలేదు. ముఖం మీద కన్నీళ్ళు చలికి చురుక్కుమంటూంటే వెక్కి వెక్కి ఏడ్చింది.

మహీధర్ పక్కన చతికిలబడ్డాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. నిజం చెప్పాలంటే, పెళ్ళయిన కొత్తలో మాట్లాడినంత మెత్తగా మాట్లాడాడు.

"సరే, సరే. అయిపోయింది. కొట్టినవ్ కదా, మంచిగ కొట్టినవ్. నీకెందుకు ఇదంతా. పో, ట్రక్కుల కూర్చో, హీటర్ వేసుకో. పొట్ట కొయ్యడం, పేగులు తియ్యడం నేను చూసుకుంటా. చక్రధర్‌కి ఫోటో నేను పెడతా. ఆ ట్యాగ్ ఇటియ్యి."

చెయ్యి చాపాడు. టార్చి వెలుగులో ఆ చెయ్యి ఎంతో ప్రేమగా ఉంది. ఇన్నేళ్ళూ ఇలాగే కదా, ప్రేమగా చాపితే ఒక్కొక్కటీ ఆ చేతిలో పెట్టేసింది. సుధామయికి ఒక్క క్షణం లేచిపోదామనిపించింది. హీటర్ వెచ్చగా ఉంటుంది.

జాకెట్ జేబులోంచి ట్యాగ్ తీసింది. తీసి, కొట్టిన రోజు తెలిసేలా నెలా తేదీ దగ్గర తనే గోటితో గాటు పెట్టి, జింక కొమ్ముకి చుట్టి, వేళ్ళు కొంకర్లు పోతున్నా వదలకుండా ముడి బిగించింది.

"ఏడుపొస్తోంది," అంది, ముక్కు చీదుకుంటూ. "నేను చంపాను, నాకు కాకపోతే ఎవరికొస్తుంది? ఇంకాసేపు ఏడుస్తాను. ఏడుస్తూనే కోస్తాను. ఆ కత్తి ఇటివ్వండి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు.  మొలలోంచి కత్తి తీసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు.

సుధామయి జాకెట్ చేతులు పైకి మడుచుకుని జింక పొట్ట మీదికి వంగింది. వెలుగు అటూ ఇటూ ఊగుతోంది.

"లైటు కదపకండి," అంది. "నా చేతుల మీద పట్టుకోండి."